శిలాజాల లెక్కే జీవుల లెక్కా?

భూమిపై జీవజాతులు ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు తుడిచిపెట్టుకుపోయాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు శిలాజాలను గణిత మోడళ్లతో సరిచూస్తారు. ఈ పనిపై ఉన్న అపోహలు ఇవీ.

అపోహ: ఎక్కువ రకాల శిలాజాలు దొరికిన యుగంలోనే ఎక్కువ జీవజాతులు ఉండేవి.

వాస్తవం: దొరకడం రాళ్లను బట్టి కూడా ఉంటుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లోని కోటసారస్ డైనోసార్ ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డాయి. ప్రాణహిత-గోదావరి లోయలో జురాసిక్ కాలపు పొరలు పైకి తేలి ఉండబట్టే ఆ జంతువు మనకు తెలిసింది. అవి కోసుకుపోయి ఉంటే అది లెక్కలోకే వచ్చేది కాదు.

ఈ చిక్కును శిలాజ శాస్త్రవేత్త డేవిడ్ రౌప్ 1972లోనే ఎత్తిచూపారు. దీన్ని సరిచేయడానికి నమూనాలను సమం చేస్తారు. ఒక యుగానివి 10,000 గవ్వలు, మరో యుగానివి 500 దొరికాయనుకుందాం. పెద్ద కుప్పలోంచి ఏరకుండా 500 తీసి, ఎన్ని రకాలున్నాయో లెక్కిస్తారు. పదేపదే తీసి సగటు కడతారు. జాన్ ఆల్రాయ్ బృందం 2008లో ఈ తరహా లెక్క వేస్తే, ఇటీవలి 10 కోట్ల ఏళ్లలో సముద్రజీవుల వైవిధ్యం అమాంతం పెరిగినట్టు గ్రాఫులో కనిపించిన పెరుగుదల బాగా తగ్గింది.

అపోహ: ఆఖరి శిలాజం దొరికిన పొరతోనే ఆ జాతి అంతరించినట్టు.

వాస్తవం: ఆఖరి జీవి శిలాజంగా మిగలడం చాలా అరుదు. అందువల్ల ఒక్కసారిగా జరిగిన వినాశనం కూడా రాళ్లలో మెల్లగా జరిగినట్టు కనిపిస్తుందని 1982లో శాస్త్రవేత్తలు సిగ్నర్, లిప్స్ వివరించారు. డైనోసార్లతోపాటే పోయిందనుకున్న సీలకాంత్ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో సజీవంగా వలకు చిక్కింది.

అపోహ: మోడళ్లంటే ఉత్త ఊహాగానాలు.

వాస్తవం: వాటికి పరీక్ష ఉంది. కొత్త జాతులు పుట్టే రేటు, అంతరించే రేటు ముందే నిర్ణయించి కంప్యూటర్‌లో ఒక కల్పిత చరిత్రను నడుపుతారు. అందులో చాలా శిలాజాలను కావాలనే తీసేస్తారు. మిగిలిన వాటి నుంచి అసలు రేట్లను రాబట్టలేని పద్ధతిని నమ్మరు.

అపోహ: ప్రకృతి ఎప్పుడూ కోలుకుంటుంది, కాబట్టి ఇప్పటి నష్టానికి కంగారు అక్కర్లేదు.

వాస్తవం: 25.2 కోట్ల ఏళ్ల క్రితం పెర్మియన్ వినాశనంలో సముద్రజాతుల్లో 80 శాతానికి పైగా నశించాయి. ఆ తర్వాత పగడాలు శిలల్లో మళ్లీ కనిపించడానికే దాదాపు 50 లక్షల ఏళ్లో, అంతకన్నా ఎక్కువో పట్టింది. వచ్చినవి కూడా కొత్త రకాలే. ట్రైలోబైట్లు అనే సముద్రజీవులు ఇక రాలేదు. వైవిధ్యం సంఖ్యలో కోలుకోవచ్చు గానీ, పోయిన జాతి తిరిగి రాదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.