డిస్కు బ్రేకు: ఇంటి వద్ద పరీక్ష

పలమనేరు నుండి చిత్తూరునకు మొగిలి ఘాటు దిగుచుండగా ఒకనాడు మా మోటారు సైకిలు ముందు చక్రము బిగిసినట్లాయెను. లీవరు విడిచినను బ్రేకు విడువలేదు; డిస్కు తాకరానంత కాలుచుండెను. బండి నాపి, చల్లారనిచ్చి, మెల్లగా ఇల్లు చేరితిమి. విప్పి చూడగా క్యాలిపరు పిస్టను చుట్టు మట్టి పేరుకొని యుండెను.

లీవరు నొక్కగా బ్రేకు ఆయిలు ఒత్తిడి పిస్టనును నెట్టును. పిస్టను ప్యాడ్లను డిస్కుపై అదుమును. విడిచినపుడు పిస్టను చుట్టునున్న రబ్బరు సీలు దానిని వెంట్రుకవాసి వెనుకకు లాగును. మట్టి, తుప్పు పట్టినను, క్యాలిపరు జరుగు పిన్నులు ఎండినను బ్రేకు పూర్తిగా విడువదు.

ముందు చక్రమును నేల కంటకుండ ఎత్తి, బ్రేకు నొక్కి విడిచి, చేతితో త్రిప్పి చూడవలెను. బిగువుగా తిరిగినచో క్యాలిపరును విప్పి, దాని బరువు ఆయిలు గొట్టముపై పడకుండ కట్టి ఉంచి, పిస్టను అంచును సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి ఆరనీయవలెను. పెట్రోలు, కిరసనాయిలు వాడరాదు; రబ్బరు ఉబ్బిపోవును. పిన్నులకు బ్రేకులకై తయారైన గ్రీజునే పూయవలెను. ప్యాడ్లకు, డిస్కునకు అది సోకరాదు. తిరిగి బిగించిన పిదప లీవరు గట్టిపడువరకు పలుమార్లు నొక్కనిదే బండి కదలింపరాదు. ఆయిలు కారుచున్నచో అది మెకానిక్కు పని.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. కొత్త డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల సెంటిగ్రేడు లోపల మరుగరాదని ప్రమాణము. తేమ చేరినదానికి ఆ ప్రమాణము 155 డిగ్రీలే. ఆయిలు మరిగినచో బుడగలేర్పడి, లీవరు మెత్తబడి, బ్రేకు పట్టదు. కావున రెండేండ్ల కొకసారి దానిని మార్పింపవలెను. మొగిలి, భాకరాపేట, తిరుమల ఘాటులు దిగు విద్యార్థులు తక్కువ గేరులో ఇంజను చేతనే వేగమును అదుపు చేసి, బ్రేకునకు విశ్రాంతి నీయవలెనని మా మనవి.