జబ్బుల కాలంలో స్కౌటు పిల్లల కూటాలు, అడవి ప్రయాణాలు

మన సంఘ కుటుంబాల్లో చాలామందికి అమెరికాలో బిడ్డలో, మనవలో ఉన్నారు. అక్కడ మన తెలుగు పిల్లలు కూడా స్కౌటు దళాల్లో చేరుతుంటారు. 2020 వేసవిలో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, "వచ్చే శనివారం మా దళం కొండ ఎక్కడానికి వెళ్తోంది" అని మనవడు ఫోనులో చెబితే ఇక్కడ అమ్మమ్మ గుండె గుభేలుమనడం సహజమే. "గడప దాటొద్దంటుంటే అడవికి పంపుతారా?" అని కూతురిమీద కోప్పడి కూడా ఉంటుంది. ఆ కోపాన్ని తప్పుపట్టలేము. కానీ వైద్యుని కంటితో చూస్తే ఆ ప్రయాణంలో ఎక్కువ భయపడవలసింది కొండ గురించి కాదు, కొండ దాకా తీసుకువెళ్ళే కారు గురించి. అది ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తాము.

కరోనాకు సంబంధించిన అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. వైరస్ మాత్రం మన మధ్యనే ఉండిపోయింది. దానికి తోడు ఫ్లూ, తట్టు, ఆటలమ్మ ఎక్కడో ఒకచోట తలెత్తుతూనే ఉంటాయి. మనమూ ఏటేటా వి.బి.యస్. పెడతాము, యౌవనస్థుల రిట్రీట్‌కు బస్సు మాట్లాడతాము. కాబట్టి ఆ రెండేళ్ళలో స్కౌటు దళాలు తమ కూటాలను, ప్రయాణాలను ఎలా నడుపుకున్నాయో తెలుసుకుంటే మనకూ పనికివస్తుంది.

స్కౌటు దళం అంటే...

1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి సుమారు ఇరవైమంది బాలురను వారంపాటు గుడారాల్లో ఉంచి శిక్షణ ఇచ్చాడు. వారిని నాలుగు చిన్న గుంపులుగా విడదీశాడు. ఆ గుంపుకు పెట్రోలు అని పేరు. బండిలో పోసుకునే పెట్రోలు కాదు లెండి. ఆరుగురు, ఎనిమిదిమంది పిల్లలు కలిసి వండుకుని, కలిసి నడిచే చిన్న జట్టు. అలాంటి జట్లు కొన్ని కలిస్తే ఒక దళం. మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. అమెరికాలో 1910లో మొదలైన బాయ్ స్కౌట్స్ సంస్థ 2025 ఫిబ్రవరి నుండి స్కౌటింగ్ అమెరికా అనే పేరుతో నడుస్తోంది.

మహమ్మారి స్కౌట్లకు కొత్త కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు న్యూయార్కు నగరంలో వీధిలో ఉమ్మివేసేవారి దగ్గరకు స్కౌటు పిల్లలు వెళ్ళి, మీరు ఆరోగ్య నియమాన్ని అతిక్రమించారని తెలిపే కార్డును చేతికిచ్చేవారు. పెద్దవాళ్ళకు పన్నెండేళ్ళ పిల్లవాడు కార్డు ఇస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మన బస్టాండుల్లో నేటికీ ఆ పిల్లల అవసరం ఉంది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా పేర్కొన్న కొద్ది రోజుల్లోనే అమెరికాలోని దళాల కూటాలు ఆగిపోయాయి. అక్కడ చాలా దళాలకు ప్రత్యేకంగా భవనం ఉండదు. చర్చి హాలులోనో, చర్చి నేలమాళిగలోనో వారానికొకసారి కలుస్తారు. చర్చి తలుపులు మూతపడటంతో దళానికి గది లేకుండా పోయింది. కొన్నాళ్ళు కంప్యూటరు తెరమీదే ముడులు వేయడం, పటం చదవడం నేర్చుకున్నారు. తెరమీద కలిసినా సరే, ఇద్దరు పెద్దలు హాజరు కావలసిందే; ఒక పెద్ద, ఒక పిల్లవాడు ఒంటరిగా మాట్లాడకూడదన్న రక్షణ నియమాన్ని అక్కడా విడిచిపెట్టలేదు. కానీ పదకొండేళ్ళ పిల్లవాణ్ణి ఎంతకాలమని తెర ముందు కూర్చోబెడతారు? బడి తెరమీద, ఆరాధన తెరమీద, ఆఖరికి స్కౌటు కూడా తెరమీదే. పిల్లల్లో దిగులు, నిద్రలేమి, కదలిక లేక బరువు పెరగడం డాక్టర్లు చూడసాగారు. అందుకే ఆంక్షలు సడలినచోట్ల దళాలు మెల్లగా పచ్చికమీదికి, పార్కుల్లోకి వచ్చాయి.

పోపు ఘాటు లెక్క

ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది. సోకిన మనిషి మాట్లాడినా, పాడినా, దగ్గినా సన్నని తుంపరలు బయటికి వస్తాయి. పెద్దవి దగ్గరలోనే పడిపోతాయి. మరీ సన్ననివి గాలిలో తేలుతూ ఉంటాయి. మూసిన వంటింట్లో ఎండుమిరపకాయలు పోపు వేస్తే ముందుగదిలో కూర్చున్నవారికి కూడా దగ్గు వస్తుంది. అదే పోపు పెరట్లో పొయ్యిమీద వేస్తే పక్కనున్నవారికి తప్ప ఎవరికీ తెలియదు. వైరస్ లెక్క కూడా ఇంచుమించు ఇదే. బయట గాలి తుంపరలను చెదరగొడుతుంది, ఎండ వైరస్‌ను త్వరగా నశింపజేస్తుంది. అందుకని బయట ప్రమాదం బాగా తక్కువ. బొత్తిగా లేదని మాత్రం కాదు. ముఖాలు దగ్గర పెట్టుకుని అరగంట కబుర్లు చెప్పుకుంటే చెట్టుకింద కూడా అంటుకోవచ్చు.

పాట విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, మనది పాడే సంఘం కనుక. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం హాలులో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవారు 61 మంది. వారిలో 32 మందికి పరీక్షలో కరోనా తేలింది, మరో 20 మందికి వచ్చి ఉండవచ్చని లక్షణాలనుబట్టి లెక్కించారు. ఇద్దరు మరణించారు. స్కౌట్లు రాత్రిపూట నెగడు చుట్టూ చేరి గొంతెత్తి పాడటం వందేళ్ళ ఆచారం. మహమ్మారి రోజుల్లో నెగడు చుట్టూ కుర్చీలు దూరంగా వేశారు, పాటలు తగ్గించి కథలు చెప్పుకున్నారు.

రెండు శిబిరాల కథ

2020 జూన్ నెలలో జార్జియా రాష్ట్రంలో పిల్లల వేసవి శిబిరం ఒకటి జరిగింది. అది స్కౌటు శిబిరం కాదు గాని, ప్రతి దళనాయకుడూ చదవవలసిన ఉదంతం. రావడానికి ముందు 12 రోజుల్లోపు చేయించుకున్న పరీక్షలో జబ్బు లేదని తేలినవారినే రానిచ్చారు. సిబ్బందికి మాస్కు తప్పనిసరి, పిల్లలకు కాదు. పడుకునే గదుల కిటికీలు, తలుపులు తెరిచి ఉంచలేదు. రోజూ పాటలు, కేకలు. జూన్ 22 సాయంత్రం సిబ్బందిలోని ఒక యువకార్యకర్తకు చలి పుట్టింది. మర్నాడు ఇంటికి వెళ్ళగా, 24న జబ్బు ఉన్నట్టు తేలింది. 27న శిబిరం మూసివేశారు. ఆ రాష్ట్రం నుండి వచ్చిన 597 మందిలో 344 మంది పరీక్షా ఫలితాలు దొరికాయి; వాటిలో 260 మందికి జబ్బు ఉంది. ఆరు నుండి పదేళ్ళ పిల్లల్లో సగంమందికి సోకింది. పిల్లలకు సోకదు, పిల్లల నుండి రాదు అని అప్పట్లో కొందరు చెప్పిన మాట అక్కడితో చెల్లిపోయింది.

అదే వేసవిలో మెయిన్ రాష్ట్రంలో నాలుగు శిబిరాలు జరిగాయి. 41 రాష్ట్రాల నుండి మొత్తం 1,022 మంది వచ్చారు. ఇంటివద్ద 10 నుండి 14 రోజులు విడిగా ఉండి, బయలుదేరే ముందు ఒకసారి, వచ్చిన కొద్ది రోజులకు మరొకసారి పరీక్ష చేయించుకున్నారు. పిల్లలను చిన్న గుంపులుగా విడదీసి, ఏ గుంపు తిండి, ఆట ఆ గుంపుకే ఉంచారు. గుంపు దాటితే మాస్కు. వీలైనవన్నీ ఆరుబయటే. వచ్చాక చేసిన పరీక్షల్లో ముగ్గురికి లక్షణాలు లేకుండానే జబ్బు తేలింది. వారిని వెంటనే వేరుచేశారు, వారి గుంపులను కూడా విడిగా ఉంచారు. నాలుగో మనిషికి అంటలేదు. ఆ నెలల్లో మెయిన్‌లో జబ్బు తక్కువగా ఉండటం కలిసివచ్చిన మాట నిజమే. అయినా తేడా అంతటినీ దానికే కట్టబెట్టలేము.

జార్జియా వారి పరీక్ష ఎందుకు కాపాడలేదు? ఆ పరీక్ష చేసిన రోజు సంగతే చెబుతుంది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి రెండు నుండి పద్నాలుగు రోజులు పట్టవచ్చు. అప్పటి రకాలలో చాలామందికి అయిదారు రోజులు పట్టేది. పైగా లక్షణాలు కనబడకముందు రెండు రోజుల నుండే ఇతరులకు అంటించగలరు. పన్నెండు రోజుల కిందటి కాగితం జేబులో ఉంటే ఏమి ప్రయోజనం? గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటరు కూడా అంతే. దాని వలన హాని లేదు, కానీ దానిమీద పెట్టుకున్న నమ్మకం వలన హాని ఉంది. నా అభిప్రాయంలో ఆ డబ్బుతో రెండు కిటికీలకు మరమ్మతు చేయించడం మేలు.

దళం దినచర్య ఎలా మారింది?

జాగ్రత్తగా నడిచిన దళాలు ముందుగా తమ పాత పెట్రోలు పద్ధతినే పట్టుకున్నాయి. నలభైమంది ఒకచోట చేరే బదులు ఒక వారం రెండు జట్లు పార్కులో, మిగతావి తెరమీద. తరువాతి వారం అటుదిటు. ఒకరికి జబ్బు వస్తే ఏడెనిమిది ఇళ్ళకు ఫోను చేస్తే సరిపోతుంది, నలభై ఇళ్ళకు అక్కర్లేదు. వాన వస్తే హాలులోకి దూరడం కాదు, కూటాన్నే వాయిదా వేయడం. దానికి పిల్లలకన్నా పెద్దలు ఎక్కువ విసుక్కునేవారట.

ప్రయాణాల్లో ముందుగా పగటి నడకలు వచ్చాయి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి. రాత్రి బస తరువాత, జబ్బు తగ్గిన నెలల్లో. న్యూమెక్సికోలోని ఫిల్మాంట్ కొండల్లో స్కౌట్లు చేసే పేరుపొందిన కాలినడక యాత్రలు 2020 వేసవిలో రద్దయ్యాయి. ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకున్న పిల్లలు ఏడ్చే ఉంటారు. రద్దు చేయడం కూడా నాయకత్వమే.

ఇక కారు సంగతి. కొండమీద నాలుగు గంటలు అడుగుల దూరంలో నడిచిన పిల్లలు, అక్కడికి చేరడానికి అద్దాలు బిగించిన కారులో గంటన్నర భుజాలు రాసుకుంటూ కూర్చుంటే జాగ్రత్త అంతా ఆవిరైనట్టే. అందుకే ఎవరి పిల్లలను వారి ఇంటివారే తీసుకురావడం, తప్పనిసరైతే మాస్కు వేసుకుని అద్దాలు దించడం అలవాటు చేశారు. గుడారం కూడా చిన్న మూసిన గదే. ఒక గుడారానికి ఒక్కరు, లేదా ఒకే ఇంటి అన్నదమ్ములు. వంటకు జట్టులో ఒకరిద్దరే చేతులు కడుక్కుని గరిటె పట్టాలి. ఎవరి పళ్ళెం, ఎవరి నీళ్ళసీసా వారిదే. వస్తువులను గంటగంటకూ మందునీళ్ళతో తుడిచే శ్రమ అంత అవసరం లేదని తరువాత తెలిసింది. సబ్బుతో చేతులు కడగడం మాత్రం ఏనాటికైనా అవసరమే. అడవిలో వాంతులు, విరేచనాలను ఆపేది అదే.

పంపే ముందు

అమెరికా దళాల్లో ప్రతి పిల్లవాడికీ ఏటా ఒక ఆరోగ్య పత్రం ఉంటుంది. ఉబ్బసం, మూర్ఛ, పడని మందులు, వేసుకున్న టీకాలు అన్నీ అందులో రాయాలి. మూడు రోజులకు మించిన శిబిరమైతే డాక్టరు పరీక్షించి సంతకం చేయాలి. మన రిట్రీట్లకు పేరు, వయసు, రుసుము తప్ప ఏమీ రాయించుకోము. ఒక్క పేజీ చేర్చితే రాత్రి పన్నెండు గంటలకు పిల్లకు ఆయాసం వచ్చినప్పుడు వార్డెను తడుముకోనక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవారి ఇన్‌హేలరు వారి సంచిలోనే ఉండాలి, ఆఫీసు గదిలో తాళం వేసి కాదు. నెగడు పొగ వారికి పడదు.

టీకా సంగతి కూడా అడగండి. మన దేశంలో 15 ఏళ్ళు దాటిన పిల్లలకు 2022 జనవరి 3 నుండి, 12 నుండి 14 ఏళ్ళవారికి అదే ఏడు మార్చి 16 నుండి కరోనా టీకా వేశారు. ఆ చిన్నవారికి వేసిన కోర్బెవాక్స్ తయారైంది మన హైదరాబాదు కంపెనీలోనే. శిబిరం దృష్ట్యా ఇప్పుడు ముఖ్యంగా చూడవలసింది తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయా అన్నది.

ఒక మనవి. కూటానికి వెళ్ళాలని పిల్లవాడు ఏడుస్తున్నాడని పొద్దున్నే పారాసిటమాల్ బిళ్ళ వేసి బస్సు ఎక్కించకండి. జ్వరం దిగుతుంది, జబ్బు దిగదు. బస్సులో ఉన్న అందరికీ చేరుతుంది. ఆ పిల్లల ఇళ్ళలో షుగరున్న తాతలు, కీమోథెరపీ తీసుకుంటున్న తల్లులు ఉంటారు. లేవీయకాండము 13వ అధ్యాయంలో అనుమానం ఉన్నవారిని ఏడేసి దినాలు కడగా ఉంచి మళ్ళీ చూసే పద్ధతి ఉంది. దానిలో శిక్ష లేదు, కనిపెట్టుకుని ఉండటం ఉంది. రాలేని పిల్లవాడికి రుసుము తిరిగి ఇస్తామని నాయకులు ముందే ప్రకటిస్తే తల్లిదండ్రులు నిజం చెప్పడానికి జంకరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, అబద్ధాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

శిబిరంలో ఎవరికైనా జ్వరం వస్తే మాస్కు వేసి, గాలి ఆడే చోట విడిగా పడుకోబెట్టి, ఒక పెద్దమనిషిని కనుచూపు దూరంలో ఉంచి, ఇంటికి కబురు చేయండి. నీళ్ళు, గంజి తాగించండి. పిల్లలకు ఆస్ప్రిన్ మాత్రం ఇవ్వవద్దు. ఊపిరి వేగంగా తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, నీళ్ళు కూడా నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. కరోనా వచ్చి తగ్గిన పిల్లవాణ్ణి వెంటనే మూట వీపుకెత్తి కొండ ఎక్కించకూడదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్ళు తిరగడం ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. జబ్బు తగ్గిన రెండు నుండి ఆరు వారాల్లో మళ్ళీ జ్వరం, ఒంటిమీద ఎర్రదనం, కడుపునొప్పి వచ్చినా అశ్రద్ధ చేయకండి. అరుదే, కానీ త్వరగా వస్తేనే వైద్యం సులువు.

తిరిగి వచ్చిన రెండు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా నాయకునికి ఫోను చేయండి. నాయకులు ఎవరు ఏ బండిలో కూర్చున్నారో, ఏ గదిలో ఎవరి పక్కన పడుకున్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ రెండు వారాలూ దాన్ని పారేయకుండా ఉంచండి.