ఇంటి పిజ్జా: తీపి చాటున ఉప్పు

పండ్లముక్కలు వేసిన పిజ్జా అంటే కొందరికి విడ్డూరం. కెనడాలో హోటలు నడిపిన శామ్ పనోపులోస్ 1962లో పిజ్జాపై అనాసముక్కలు వేశాడు. ఆ తీపి-ఉప్పు రుచి దేశదేశాలకూ పాకింది. మీ పిల్లలు అడిగితే కాదనకండి, ఇంట్లోనే చేసిపెట్టండి.

రెండు కప్పుల గోధుమపిండిలో టీచెంచాడు ఈస్టు, చెంచాడు నూనె వేసి గోరువెచ్చని నీటితో మెత్తగా కలపండి. తడిగుడ్డ కప్పి, పిండి పొంగేవరకు గంటసేపు ఉంచండి. మందపాటి రొట్టెలుగా వత్తి, పెనంమీద ఒకవైపు కాల్చి తిప్పండి. కాలినవైపు టమాటా గుజ్జు పూసి, ఉల్లి, అనాసముక్కలు పరిచి, మొత్తంమీద 50 గ్రాముల చీజు తురిమి చల్లండి. మూతపెట్టి, చీజు కరిగేదాకా సన్నని సెగపై ఉంచండి.

ఉప్పు వేయమనలేదేమని అడుగుతారేమో. చీజులోనే ఉంది. పండు తీపివల్ల అది నాలుకకు అంతగా తెలియదు. పెద్దలు రోజుకు 5 గ్రాములకన్న తక్కువ, అంటే టీచెంచాడు లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. "ఊరగాయ, అప్పడం మానేశాం డాక్టరుగారూ!" అంటారు రక్తపోటు రోగులు, చీజు సంగతి వారికి తోచదు. అలాంటివారికి ఇంట్లో పాలు విరిచి చేసిన ఉప్పులేని పనీరు మేలు. సీసా సాస్ వద్దు. అందులో ఉప్పూ, పంచదారా రెండూ ఉంటాయి.

మధుమేహం ఉన్నవారు పాకంలో ఊరిన డబ్బా అనాస ముట్టరాదు. తాజా పండైనా నాలుగు చిన్నముక్కలు చాలు.

చీజులో మాంసకృత్తులు, కాల్షియంతోపాటు కొవ్వు కూడా ఎక్కువే. కనుక పిజ్జాను భోజనానికి బదులు తినండి, భోజనంపైన కాదు.