వ్రాసినవాని హక్కు: గ్రంథస్వామ్యము

తన పొలము దున్ని పండించిన రైతునకు పంటపై హక్కుండుట అందరెరిగినదే. అట్లే పాటగాని, కథగాని, నాటకముగాని స్వయముగా రచించినవానికి ఆ రచనపై చట్టము హక్కు కల్పించినది. దీనినే గ్రంథస్వామ్యము లేక కాపీరైటు అందురు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 1958 జనవరి 21 నుండి అమలులో నున్నది.

సంగారెడ్డి జిల్లాలోని బొల్లారము పారిశ్రామిక వాడలో ఔషధ కర్మాగారములు కలవు. క్రొత్త తయారీ విధానమును కనుగొన్న సంస్థకు దరఖాస్తు చేసి, పరిశీలనలో నెగ్గిన పిమ్మటనే పేటెంటు లభించును. అది దరఖాస్తు చేసిన నాటినుండి 20 సంవత్సరములకు ముగియును. అదే కర్మాగారములోని కార్మికుడు తీరికవేళ ఒక పాట వ్రాసినచో, కాగితముపై పెట్టిన నాడే స్వామ్యము అతనికి సంక్రమించును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు; వివాదము వచ్చినపుడు సాక్ష్యముగా మాత్రము ఉపకరించును. అయితే ఉద్యోగ విధిలో భాగముగా వ్రాసిన రచనకు, వేరు ఒప్పందము లేనిచో, యజమానియే మొదటి హక్కుదారు.

ఈ హక్కు రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును ఉండును. 1953లో కీర్తిశేషులైన సురవరం ప్రతాపరెడ్డిగారి రచనలపై హక్కు 2013 ముగియుటతో తీరినది; వానిని నేడు ఎవరైనను ముద్రింపవచ్చును. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరివరకు రక్షణ కలదు.

చట్టము రక్షించునది రచనను, ఊహను కాదు. 1978లో సుప్రీంకోర్టు ఒక నాటకమునకును చలనచిత్రమునకును సంబంధించిన వ్యాజ్యములో ఈ సూత్రమునే స్పష్టపరచినది. కరవుపై ఎవరైనను పాట కట్టవచ్చును. మీ చరణములను ఎత్తి వ్రాసికొనరాదు. తరతరముల బతుకమ్మ పాటలు అందరి సొత్తు. నేడు మీరు కట్టిన క్రొత్త పాట మీది.

గ్రామీణ రచయితలు ఎక్కువగా నష్టపోవునది సంతకము వద్దనే. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా ఉండవలెను. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు అనునవి పత్రములో ఉండవలెను. గడువు వ్రాయనిచో 5 సంవత్సరములు మాత్రమే చెల్లును. చలనచిత్రమునకు పాట వ్రాసినవారు, సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట మినహా, ఇతర వినియోగములపై వచ్చు రాయల్టీలో సమాన వాటాను వదలుకొనుటకు 2012 సవరణ ఒప్పదు. హక్కులు అమ్మిన పిదపను ఆ రచన తనదేనని చెప్పుకొను హక్కు రచయితకే యుండును.

అన్యాయము జరిగినచో రచయిత తాను నివసించు జిల్లా న్యాయస్థానములోనే దావా వేయవచ్చును. తెలిసియు లాభాపేక్షతో ఉల్లంఘించినవారికి 6 నెలలనుండి 3 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపబడును.

కావున వ్రాతప్రతిపై తేదీ వేసి భద్రపరచుకొనుడు. పత్రమును పూర్తిగా చదివించుకొని, ఒక ప్రతి తీసికొనిన పిమ్మటనే సంతకము చేయుడు.