పాత కెమెరా: బాగుచేయించడమా, మరొకటి కొనడమా?

తాతగారి కెమెరా పెట్టెలోంచి బయటపడగానే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి: బాగుచేయించమని ఒకరు, మరొకటి కొనమని ఇంకొకరు. ముందు చూడవలసింది అది ఏ ఫిల్ముతో పనిచేస్తుందన్నది. బరోడాలో తయారై మన ఇళ్లలో విరివిగా తిరిగిన ఆగ్ఫా క్లిక్-3కి 120 ఫిల్ము కావాలి. అది నేటికీ దొరుకుతుంది. చిక్కల్లా 620 రకంతోనే. కొడాక్ వారు ఆ ఫిల్మును 1995లో మానివేశారు. అయితే వెడల్పు 120దే, కండె మాత్రం సన్నం. పాత కండెలుంటే చీకటిగదిలో 120 ఫిల్మును వాటికి చుట్టుకోవచ్చును. కనుక కండెలు పారవేయకండి!

షట్టరు బిగుసుకుంటే తరచు ఎండిన నూనే కారణం, శుభ్రపరిస్తే కదులుతుంది. మడత కెమెరా అయితే చీకట్లో తిత్తిలోపల టార్చి వెలిగించి చూడండి. ఒకటి రెండు చిల్లులైతే పూడ్చవచ్చు. అద్దానికి పట్టిన బూజు సంగతి వేరు. యానాం వంటి తేమ ఊళ్లలో అది మామూలే గాని, గాజును తినివేసిందా, మచ్చ పోదు. అప్పుడు అదే రకం మరొకటి కొనడమే మేలు. క్లిక్-3 వంటి చవక కెమెరాకు ఖర్చూ తక్కువే కావచ్చు.

ఏదైనా సరే, వెనుకనున్న ఎర్ర కిటికీలో అంకె కనబడితే మూత తెరవకండి. లోపల కడగని ఫిల్ము ఉన్నదన్నమాట. అందులో ఎవరెవరున్నారో కడిగిస్తే గాని తెలియదు.