రెండు వెలుగుకి, రెండు కంటికి

మా టాకీసు క్యాబిన్ గోడకి నాలుగు కన్నాలుండేవి. రెండింట్లోంచి ప్రొజెక్టర్ల వెలుగు తెర మీదికి పోయేది. మిగతా రెండూ ఆపరేటర్ కళ్లకి. పదో తరగతి తప్పి, 1983లో తెనాలి దగ్గరున్న మా ఊరి టాకీసులో రీళ్లు చుట్టే పనిలో చేరాను. మొదటిరోజు ఆపరేటర్ బాబాయ్ నన్ను ఆ కంటి కన్నం దగ్గర నిలబెట్టి, "తెర తర్వాత చూద్దువుగానీ, ముందు జనాన్ని చూడరా" అన్నాడు. కింద నేల టికెట్ వాళ్లు, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. ఆటకి ముందు వేసే, ఘంటసాల గొంతులోని వెంకన్న పాట అయిపోవచ్చింది. ఇసకలో కూర్చున్న ముసలమ్మలు ఇంకా చేతులు జోడించే ఉన్నారు.

బాబాయ్ పని నేర్చుకున్నది బెజవాడలో. మారుతీ టాకీసు పేరు ఎత్తితే ఆయన గొంతు మారేది. 1921లోనే, సినిమాకి ఇంకా మాటలు రాకముందే వెలసిన హాలది. ఆ ఊరి క్యాబిన్లలో నలిగిన చెయ్యి తనదని ఆయన గర్వం.

మా ప్రొజెక్టర్లలో బల్బుండేది కాదు. రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీల కొసలు తాకించి కొంచెం ఎడం చేస్తే, మధ్యలో కళ్లు చెదిరే మంట లేచేది. అదే మా దీపం. కడ్డీలు కాలేకొద్దీ ఆ ఎడం పెరిగిపోతుంది. మర తిప్పుతూ దగ్గరికి జరపాలి. ఏమరితే తెర మీద హీరో మొహం మసకబారుతుంది, నేల టికెట్లో ఈలలు మొదలవుతాయి. పొగ గొట్టంలోంచి పైకి పోయేది, వేడి మాత్రం మాకే మిగిలేది.

ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు. సెకనుకి 24 బొమ్మలు కదలాలి కాబట్టి నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలే వస్తుంది. అందుకే రెండు మిషన్లు. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది. రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు ఇటు వెలుగు మూసి, అటు తెరవాలి. హాల్లో ఎవరికీ తెలియకూడదు. తెలియకపోవడమే బాబాయ్ పనితనం.

రెండున్నర గంటల సినిమా పరిస్తే నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. పక్క ఊరి టాకీసుకీ మాకూ కాలవ గట్టు మీద సరిగ్గా అంతే దూరం. కొన్ని సినిమాలకి రెండు ఊళ్లకీ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. వాళ్ల ఆట మొదలైన గంటకి మా ఆట. అక్కడ ఆడిన రీళ్లు రేకు పెట్టెలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని తొక్కేవాణ్ణి. ఒక వానాకాలం రాత్రి నడి గట్టు మీద చైను ఊడింది. చీకట్లో తడుముకుని ఎక్కించి వచ్చేసరికి తెర నల్లగా ఉంది, జనం కేకలు రోడ్డు దాకా వినపడుతున్నాయి. ఏడుపొచ్చింది. పెట్టె మీద చెయ్యి వెయ్యబోతే బాబాయ్ ఆపాడు. "ముందు చేతులు తుడుచుకో. ఫిల్ముకి గ్రీజంటితే ప్రతి ఊళ్లోనూ కనపడుతుంది." తన భుజమ్మీది తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలు తెల్లగా ఉండటం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

మా దాకా వచ్చేసరికి ప్రింటు బెజవాడ, గుంటూరు ఆడి ఆడి అరిగిపోయేది. గీతలు పడి, తెర మీద ఎండలో కూడా వాన కురిసేది. తెగిన చోట అంచులు కత్తిరించి, పొర గీకి, ఫిల్ము సిమెంటు రాసి అతికేవాళ్లం. కత్తిరించిన ముక్కలకోసం మెట్ల దగ్గర పిల్లలు కాసుకుని ఉండేవాళ్లు. స్కోప్ సినిమా ముక్కయితే అందులో కృష్ణ అయినా ఎన్టీఆర్ అయినా వెదురు బద్దలా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మా హీరోని ఇలా చేశారేంటని పిల్లలకి బెంగ. 'అల్లూరి సీతారామరాజు'తో 1974లో తెలుగు తెర మీదికి పూర్తి స్కోప్ వచ్చింది. అడ్డంగా నొక్కి తీసిన ఆ బొమ్మని లెన్సే మళ్లీ రెండింతలు సాగదీసి మామూలు మనిషిని చేస్తుంది.

2010 తర్వాత కొన్నేళ్లలోనే రీలు పెట్టెలు రావడం ఆగిపోయింది. సినిమా శాటిలైట్ మీద వస్తోంది. బొమ్మ శుభ్రంగా ఉంది, వాన లేదు, రెండు ఊళ్లలో ఒకే వేళకి ఆట పడుతోంది. జనానికి అది మంచిదే, కాదనను.

పోయిన సంక్రాంతికి బాబాయ్‌ని వెంటబెట్టుకుని మా టాకీసుకి వెళ్లాను. నేల పోయింది, అంతా కుర్చీలే. మేనేజరు మమ్మల్ని క్యాబిన్లోకి పంపించాడు. ఒకటే మిషన్, దానంతటదే నడుస్తోంది, గదిలో ఎవరూ లేరు. దాని ముందున్న కన్నం తప్ప మిగతా మూడూ ఇటుకతో మూసి సున్నం కొట్టేశారు. బాబాయ్ గోడ మీద చెయ్యి పెట్టి, తన కంటి ఎత్తున, ఇటుక అతుకు కోసం మెల్లగా తడిమాడు. దొరికింది. కింద హాల్లో జనం ఒక్కసారిగా నవ్వారు. ఎందుకో మాకు కనపడలేదు.