మెట్లు దిగే స్ప్రింగు

టార్చిలైటు మూత విప్పి చూడండి. లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. సైకిలు సీటు కింద పెద్ద స్ప్రింగులుంటాయి. నొక్కితే అణుగుతాయి, వదిలితే లేస్తాయి. ఇలాంటి స్ప్రింగే ఒక ఆటబొమ్మ అయింది. దాని పేరు స్లింకీ. మన తిరునాళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ స్ప్రింగులు అమ్ముతారే, వాటికి మూలం ఇదే.

ఇది పుట్టింది అమెరికా దేశంలో, ఫిలడెల్ఫియా నగరంలో. అది 1943. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు యుద్ధ ఓడల పనిలో ఉన్నాడు. సముద్రంలో ఓడ ఊగుతుంది కదా! ఆ ఊపుకి లోపలి సున్నితమైన యంత్రాలు అదరకూడదు. అందుకని వాటికి స్ప్రింగులు అమర్చాలని చూస్తున్నాడు. ఒకరోజు ఒక స్ప్రింగు కింద పడింది. పడి ఊరుకోలేదు. ఒక కొస వంగి నేలకు ఆనింది. రెండో కొస దాని మీదుగా దూకి ముందుకు వచ్చింది. అంటే స్ప్రింగు నడిచింది!

రిచర్డ్ ఇంటికొచ్చి భార్య బెట్టీకి చెప్పాడు. దీన్ని ఆటబొమ్మ చేద్దామన్నాడు. పేరేం పెట్టాలి? మాటల అర్థాలు చెప్పే నిఘంటువు తీసి బెట్టీ వెతికింది. స్లింకీ అనే మాట దొరికింది. వయ్యారంగా, జారుతున్నట్టు కదిలేది అని దానర్థం.

500 డాలర్లు అప్పు తెచ్చి బొమ్మలు చేయించారు. ఒక్కో బొమ్మకు 80 అడుగుల ఉక్కు తీగ, 98 చుట్లు. 1945 నవంబరులో ఒక పెద్ద దుకాణంలో వాలుగా బల్ల పెట్టి ఆడించి చూపారు. ఉత్త తీగచుట్టను ఎవరు కొంటారు అని భయం. కానీ గంటన్నరలో 400 బొమ్మలూ అయిపోయాయి.

ఇంతకీ అది మెట్లు ఎలా దిగుతుంది? పై చుట్టను పట్టి కింది మెట్టు మీదికి వంచుతాం. అది పడుతూ తన వెనక చుట్టను లాగుతుంది. ఆ చుట్ట తర్వాతి దాన్ని లాగుతుంది. చివరి చుట్ట వేగంగా వచ్చి, ఆగలేక మరో మెట్టు మీదికి దూకుతుంది. లాగేది భూమి. 1985లో రియా సెడ్డన్ అనే మహిళ అంతరిక్షంలో దీన్ని ఆడించి చూసింది. అక్కడ బరువు తెలియదు. స్లింకీ నడవలేదు.

ఇంకో వింత ఉంది. స్లింకీ పై కొస పట్టుకుని వేలాడదీసి, వదిలేయండి. కింది కొస వెంటనే పడదు! పై చుట్టలన్నీ వచ్చి చేరేదాకా గాలిలోనే ఆగుతుంది. కింది కొసను పై చుట్టలు లాగి పట్టుకుని ఉంటాయి. పైన చెయ్యి వదిలిన సంగతి చుట్ట తర్వాత చుట్టగా కిందికి చేరాలి. దానికి కాస్త సమయం పడుతుంది.

బొమ్మ బాగా అమ్ముడైంది. కానీ 1960లో రిచర్డ్ ఒక మత బృందంలో చేరి బొలీవియా దేశం వెళ్లిపోయాడు. అంతకుముందే వాళ్లకు ఎంతో డబ్బు చందాలిచ్చాడు. బెట్టీకి మిగిలినవి ఆరుగురు పిల్లలు, అప్పులు, మూతపడబోతున్న కంపెనీ.

అమ్మేస్తే పోయేదే. ఆమె అమ్మలేదు. లెక్కలు చూసుకుంది. ఫ్యాక్టరీని తన పుట్టిన ప్రాంతానికి దగ్గర్లోని హాలిడేస్‌బర్గ్‌కు మార్చింది. టీవీలో ప్రకటనలిచ్చింది. అప్పులు తీర్చింది. బొమ్మ ఖరీదు మాత్రం పెద్దగా పెంచలేదు. పేద పిల్లలు కూడా కొనుక్కోగలగాలి అనేది ఆమె పట్టుదల.

1998 దాకా బెట్టీయే కంపెనీ నడిపింది. 2008లో, 90 ఏళ్ల వయసులో చనిపోయింది. అప్పటికి దాదాపు 30 కోట్ల స్లింకీలు అమ్ముడయ్యాయి.